సిటీకి వచ్చే హడ్ గ్రాంట్లు, ఐదేళ్ల ప్లాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, ఎడిసన్, కేరీ లాంటి ఊళ్లకు ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఇళ్ల కోసం, పేటల బాగు కోసం గ్రాంట్లు వస్తుంటాయి. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో సిటీ ముందుగా ప్లాన్ రాయాలి, రాసేముందు ఊరి జనాన్ని అడగాలి. అడగడం అడుగుతారు. కానీ ఆ నోటీసు చదివేవాళ్లు తక్కువ, మీటింగ్‌కి వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ. మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఇవి ఏ గ్రాంట్లు? ఎవరిస్తారు?

ఇచ్చేది హడ్, అంటే 1965లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ శాఖ. నగరాలకు లెక్క ప్రకారం వచ్చే గ్రాంట్లు ముఖ్యంగా నాలుగు. అన్నిటికంటే పాతది, పెద్దది సీడీబీజీ, అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. 1974 ఆగస్టు 22న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో చట్టమైంది. అంతకుముందు మురికివాడల తొలగింపుకో స్కీమ్, నీళ్ల లైన్లకో స్కీమ్, పార్కులకో స్కీమ్ ఉండేవి. దేనికది వేరే అప్లికేషన్, ప్రతిదానికీ వాషింగ్టన్ ఒప్పుకోవాలి. వాటన్నిటినీ ఒకే మూటగా కట్టి, "మీ ఊరి అవసరం మీకే బాగా తెలుసు, షరతులకు లోబడి మీరే ఖర్చు పెట్టుకోండి" అన్నారు.

రెండోది హోమ్. 1990 చట్టంతో వచ్చింది, పూర్తిగా ఇళ్లకే. మూడోది ఈఎస్‌జీ, ఇల్లు లేనివాళ్ల కోసం, ఇల్లు పోయే స్థితిలో ఉన్నవాళ్ల కోసం. నాలుగోది హాప్వా, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఇళ్ల కోసం. అన్ని సిటీలకూ నాలుగూ రావు. చాలా సబర్బ్‌లకు వచ్చేది సీడీబీజీ ఒక్కటే.

మా ఊరికి వస్తుంది, పక్క ఊరికి రాదంటారు. ఎందుకు?

మెట్రో ప్రాంతంలో ప్రధాన నగరమైనా, జనాభా 50,000 దాటిన ఊరైనా సీడీబీజీ నేరుగా వస్తుంది. కౌంటీకైతే, ఇలా సొంతంగా గ్రాంటు వచ్చే నగరాలను తీసేశాక 2,00,000 జనాభా మిగలాలి. మొత్తం సొమ్ములో 70 శాతం వీటికి, మిగతా 30 శాతం రాష్ట్రాలకు. చిన్న ఊళ్లు రాష్ట్రం దగ్గర పోటీ పడి తెచ్చుకోవాలి, లేదా కౌంటీతో ఒప్పందం చేసుకుని దాని వాటాలో భాగం పొందాలి. కాబట్టి పక్క ఊరికి "రాదు" అనడం సరికాదు, వేరే దారిలో వస్తుంది.

ఎంత రావాలో ఎలా తేలుస్తారు? మేయర్ పలుకుబడి పనిచేస్తుందా?

పనిచేయదు. ఇది ఫార్ములా. నిజానికి రెండు ఫార్ములాలున్నాయి, సిటీకి ఏది ఎక్కువ వస్తే అది ఇస్తారు. మొదటిదాంట్లో పేదరికానికి సగం బరువు, జనాభాకు పావు, ఇరుకు ఇళ్లకు పావు. రెండోదాంట్లో 1940కి ముందు కట్టిన ఇళ్లకు సగం, పేదరికానికి 30 శాతం, జనాభా పెరుగుదలలో వెనకబాటుకు 20 శాతం. ఈ రెండోది 1977లో చేర్చారు, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ లాంటి పాత నగరాలు నష్టపోకూడదని.

ఫ్రిస్కో సంగతి చూడండి. 2000లో 33 వేల చిల్లర ఉన్న జనాభా 2020 నాటికి 2 లక్షలు దాటింది. పాత ఇళ్లు లేవు, వెనకబాటు అసలే లేదు. అలాంటి ఊరికి వాటా వచ్చేది ముఖ్యంగా తల లెక్క మీద, ఆ మెరుపుల మధ్యనే ఉన్న పేద కుటుంబాల లెక్క మీద. "మనది రిచ్ సిటీ, మనకెందుకు ఇస్తున్నారు?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

కన్సాలిడేటెడ్ ప్లాన్ అంటే ఏమిటి?

ఆఫీసుల్లో "కాన్ ప్లాన్" అంటారు. 1995కి ముందు ఒక్కో గ్రాంటుకు ఒక్కో ప్లాన్ రాసేవారు. ఆ ఏడాది వాటన్నిటినీ కలిపి ఒకే ప్లాన్ చేశారు. గడువు మూడు నుంచి ఐదేళ్లు, ఎక్కువ సిటీలు ఐదేళ్లకే రాస్తాయి. వందల పేజీల పీడీఎఫ్. భయపడకండి, చదవాల్సిన చోట్లు కొన్నే.

మొదట అవసరాల లెక్క. ఇంటి కష్టాన్ని హడ్ నాలుగు రకాలుగా కొలుస్తుంది: సరైన వంటగది లేకపోవడం, సరైన నీళ్లు, బాత్రూమ్ ఏర్పాటు లేకపోవడం, గదికి ఒకరి కంటే ఎక్కువమంది ఉండటం, ఆదాయంలో 30 శాతం మించి ఇంటి ఖర్చుకే పోవడం. సగం మించి పోతే దాన్ని తీవ్రమైన భారం అంటారు. సబర్బ్‌లలో మొదటి రెండూ అరుదు, నాలుగోది విపరీతం. తర్వాత మార్కెట్ విశ్లేషణ: అద్దెలెంత, ఇళ్లెన్ని, ఎవరికి అందుబాటులో ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చే స్ట్రాటజిక్ ప్లాన్ మాత్రం వదలకుండా చదవాలి. అందులో ప్రాధాన్య అవసరాల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో మీ సమస్యకు పేరు లేకపోతే, వచ్చే ఐదేళ్లలో దానికి డబ్బు అడగడం చాలా కష్టం. ఆ ఏడాది సొమ్ము దేనికెంతో చెబుతూ ఏటా రాసే యాక్షన్ ప్లాన్ ఈ పట్టికకు లోబడే ఉండాలి. అంటే అసలు నిర్ణయం ఐదేళ్లకోసారి, ఎవరూ పట్టించుకోని ఒక పట్టికలో జరిగిపోతుంది.

మరి ఎప్పుడు వెళ్లి మాట్లాడాలి?

డ్రాఫ్ట్ రాకముందే. ఇక్కడే మనవాళ్లు ఆలస్యం చేస్తారు. డ్రాఫ్ట్ బయటపెట్టాక కనీసం 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలని రూలుంది కాబట్టి, అప్పుడు వెళ్తే సరిపోతుందనుకుంటారు. ఆ సమయానికి స్టాఫ్ లెక్కలు వేసేసి ఉంటారు, నాన్‌ప్రాఫిట్‌ల అప్లికేషన్లకు మార్కులు కూడా పడిపోయి ఉంటాయి. మీకోసం ఒకరి వాటా కోయాలి. ఏ కౌన్సిల్ మెంబరూ సరదాగా ఆ పని చేయరు.

ఏడాదికి కనీసం రెండు పబ్లిక్ హియరింగ్‌లు, వేర్వేరు దశల్లో పెట్టాలి. వాటిలో ఒకటి డ్రాఫ్ట్ ప్రచురించకముందే జరగాలి. మీరు వెళ్లాల్సింది ఆ మొదటిదానికి. టెక్సాస్‌లో చాలా సిటీల మాదిరిగా మీ ఊళ్లో ప్రోగ్రాం ఏడాది (ఈ గ్రాంట్ల లెక్కల ఏడాది) అక్టోబర్ 1న మొదలైతే, మొదటి హియరింగ్, అప్లికేషన్ల పిలుపు చలికాలంలోనో వసంతంలోనో వస్తాయి. వేసవిలో డ్రాఫ్ట్, ఆ తర్వాత కౌన్సిల్ ఓటు. ఏడాది మొదలయ్యే 45 రోజుల ముందు ప్లాన్ హడ్‌కు చేరాలి. ఏ సిటీకైనా ఆగస్టు 16 ఆఖరి గడువు, దాటితే ఆ ఏడాది సీడీబీజీ పోయినట్టే. అందుకే జూలైలో వచ్చి "ఇది మార్చండి" అంటే స్టాఫ్‌కు టెన్షన్.

ఐదేళ్ల ప్లాన్ ఏ సంవత్సరంలో ముగుస్తుందో సిటీ వెబ్‌సైట్‌లో చూసి ఇప్పుడే రాసిపెట్టుకోండి. ముగియడానికి ఏడాది ముందే సర్వేలు, చిన్న మీటింగులు మొదలవుతాయి. ఆ సర్వేకు మీ కాలనీ నుంచి వెళ్లే జవాబులు, ఆఖరి రాత్రి కౌన్సిల్ ముందు మూడు నిమిషాల ప్రసంగం కంటే ఎక్కువ పని చేస్తాయి.

హియరింగ్‌లో ఏం మాట్లాడితే వింటారు?

"మా ఏరియాకు అన్యాయం జరుగుతోంది" అంటే వింటారు, రాసుకోరు. ఫలానా అపార్ట్‌మెంట్లలో ఉన్న వృద్ధులు డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి బస్సు లేదు, వాళ్లు సుమారు ఇంతమంది, ఈ పని ఫలానా సంస్థ చేయగలదు, ఇంత అవుతుంది అని చెప్పండి. స్టాఫ్‌కు కావలసింది అదే, ఎందుకంటే వాళ్లు ఆ విషయాన్ని ఒక లక్ష్యంగా, ఒక అంకెగా ప్లాన్‌లో రాయాలి.

నోటితో చెప్పినదాన్నే ఈమెయిల్‌లోనూ పంపండి. వచ్చిన అభిప్రాయాల సారాంశం తుది ప్లాన్‌కు జోడించాలి, ఒప్పుకోనివాటికి కారణం కూడా రాయాలి. "పరిశీలించాం" అని ఒక్క ముక్కతో సరిపెట్టే ఊళ్లున్నాయి. అలా చేసినా, మీరు అడిగినట్టు రికార్డు ఉంటుంది, మరుసటి ఏడాది దాన్ని చూపించొచ్చు. ఇంకోటి: తక్కువ ఆదాయం వాళ్ల తరఫున పనిచేసే బృందాలు ప్రతిపాదన రాసుకోవడానికి సాయం అడిగితే సిటీ చేయాలి. ఆ సాయం అడిగేవాళ్లే కనబడరు.

నాది హెచ్-1బీ. నేను మాట్లాడవచ్చా?

నిక్షేపంగా. నియమాల్లో "సిటిజన్ పార్టిసిపేషన్" అని ఉన్నా పాస్‌పోర్టు ఎవరూ అడగరు, ఊళ్లో ఉండే ఎవరైనా మాట్లాడవచ్చు. ఓటు హక్కు లేనివాళ్లకు స్థానిక పాలనలో మాట సాగే కొద్దిపాటి చోట్లలో ఇదొకటి.

ఇంగ్లీషు సరిగా రాని పెద్దవాళ్ల కోసం తెలుగులో చెబుతారా?

ఇంగ్లీషు రానివాళ్లు గణనీయంగా వస్తారనిపిస్తే హియరింగ్‌లో ఏర్పాటు ఎలా చేస్తారో సిటీ తన పార్టిసిపేషన్ ప్లాన్‌లోనే (జనాన్ని ఎలా అడుగుతామో చెప్పే పత్రం) రాయాలి. భాషా సాయంపై 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు కాబట్టి వాషింగ్టన్ నుంచి ఒత్తిడి తగ్గింది. మీటింగ్‌కు వారం పది రోజుల ముందే రాసి అడగండి. అడగకపోతే తెలుగు అనువాదకుడిని పెట్టాలని ఎవరికీ తోచదు.

ఈ డబ్బుతో మా సబ్‌డివిజన్‌లో రోడ్డు, పార్కు వేయించుకోవచ్చా?

చాలావరకు కుదరదు. సీడీబీజీతో చేసే ప్రతి పనీ మూడింటిలో ఒకదానికి ఉపయోగపడాలి: తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకు మేలు, శిథిలావస్థ నివారణ, లేదా అత్యవసర పరిస్థితి. మొత్తం సొమ్ములో కనీసం 70 శాతం మొదటిదానికే వెళ్లాలి. ఇక్కడ తక్కువ, మధ్యస్థ ఆదాయం అంటే, ఆ ప్రాంతపు మధ్యగత ఆదాయంలో 80 శాతం లోపు.

రోడ్డు, పార్కు లాంటివి చుట్టుపక్కల అందరూ వాడుకునేవి. అందుకని అక్కడి నివాసుల్లో కనీసం 51 శాతం ఆ ఆదాయం లోపువాళ్లే అయ్యుండాలి. అంత పేద బ్లాకులే లేని సంపన్న ఊళ్లకు ఒక మినహాయింపు ఉంది: ఊళ్లో పేదల శాతం ఎక్కువగా ఉన్న పావు వంతు బ్లాకుల్లో ఖర్చు పెట్టుకోవచ్చు. అయినా, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) గేటు వెనకాల ఉన్న వీధికి ఈ డబ్బు రాదు, రాకూడదు కూడా. మన వీధికి కావలసింది సిటీ సొంత బడ్జెట్‌లో అడగాలి.

ఏవి అసలు కుదరవు?

సిటీ హాల్ కట్టుకోవడం, మామూలు జీతభత్యాలు, రాజకీయ ప్రచారం కుదరవు. కొత్త ఇళ్లు కట్టడం కూడా సీడీబీజీతో సాధారణంగా కుదరదు, దానికి హోమ్ ఉంది. పాత ఇంటి మరమ్మతు మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది: కప్పు, ఫర్నేస్, వీల్‌చైర్ ర్యాంపు. ఇల్లు 1978కి ముందుదైతే సీసం పెయింట్ నిబంధనలు కూడా పాటించాలి, ఖర్చు పెరుగుతుంది. ఏ పనికైనా పర్యావరణ పరిశీలన పూర్తి కాకుండా పైసా ఇస్తామని కూడా ఒప్పుకోకూడదు. ముందు కాంట్రాక్టు రాసేసి తర్వాత పరిశీలన చేయిద్దామనుకుంటే ఆ పనికి గ్రాంటు పోయే ప్రమాదం ఉంది.

మా తెలుగు సంఘం అప్లై చేయవచ్చా?

చేయవచ్చు, కానీ ఉగాది వేడుకలకు కాదు. సేవలకు ఇచ్చే వాటాను పబ్లిక్ సర్వీసెస్ అంటారు. ఆ ఏడాది గ్రాంటులో సుమారు 15 శాతం దాని పరిమితి. ఫుడ్ బ్యాంకు, పిల్లల ట్యూషన్, సీనియర్ల భోజనం, గృహహింస బాధితుల కౌన్సెలింగ్ అన్నీ ఆ 15 శాతంలోనే సర్దుకోవాలి. పది లక్షల డాలర్లు వచ్చే సిటీలో సేవలన్నిటికీ కలిపి మిగిలేది దాదాపు లక్షన్నర. దానికోసం ఏళ్ల తరబడి ఆ ఊళ్లో పనిచేస్తున్న సంస్థలన్నీ వరుసలో ఉంటాయి. అందుకే కొత్తవాళ్లకు చోటు దొరకడం కష్టం.

సంఘానికి 501(సి)(3) హోదా (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ గుర్తింపు), బోర్డు, ఆడిట్ చేసిన లెక్కలు, ఇన్సూరెన్స్ ఉండాలని సిటీలు అడుగుతాయి. సేవ పొందేవాళ్ల ఆదాయానికి రుజువులు దాచాలి. ఇక్కడ మనకు పనికొచ్చే వెసులుబాటు ఒకటుంది: వృద్ధులు, హింసకు గురైన భార్యలు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దలు, ఇల్లు లేనివాళ్లు లాంటి కొన్ని వర్గాలకే ప్రత్యేకంగా చేసే సేవైతే, వాళ్లు తక్కువ ఆదాయం వాళ్లేనని అనుకుంటారు, ప్రతి ఒక్కరి పే స్టబ్ అడగక్కర్లేదు. పిల్లల దగ్గర ఉంటూ, కారు నడపలేక, భాష రాక నాలుగు గోడల మధ్య ఉండిపోయిన అమ్మానాన్నలకు సీనియర్ సెంటర్, రవాణా లాంటి పని ఈ దారిలో ఆలోచించదగ్గది. గుడి కూడా అప్లై చేయవచ్చు, కాకపోతే పూజకు, బోధనకు ఈ సొమ్ము వాడకూడదు.

డబ్బు ముందుగా చేతికివ్వరు. సాధారణంగా మీరు ఖర్చు పెట్టి, బిల్లులు పంపితే తర్వాత తిరిగిస్తారు. అందుకని రెండు మూడు నెలల ఖర్చు చేతిలో లేని చిన్న సంస్థ దూకకపోవడం మంచిది. నా సలహా: మొదటి ఏడాది సొంతంగా కాకుండా, ఇప్పటికే గ్రాంటు తీసుకుంటున్న సంస్థతో కలిసి పనిచేయండి. కాగితాల పని దగ్గర్నుంచి చూస్తే, ఇరవై వేల డాలర్ల కోసం అంత శ్రమ అవసరమా అనేది మీకే తెలుస్తుంది.

మొదటి ఇల్లు కొనడానికి డౌన్ పేమెంట్ సాయం దొరుకుతుందా?

చాలా సిటీలు సీడీబీజీ, హోమ్ నుంచి ఇస్తాయి. కుటుంబ ఆదాయం 80 శాతం పరిమితిలో ఉండాలి, ఆ ఇంట్లో మీరే ఉండాలి. హోమ్ సొమ్మైతే సాయం మొత్తాన్ని బట్టి 5 నుంచి 15 ఏళ్ల వరకు షరతులుంటాయి, మధ్యలో అమ్మితే తిరిగి కట్టాల్సి రావచ్చు. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి ఇది వర్తించదు. డేకేర్‌లోనో, స్టోర్‌లోనో పనిచేస్తూ ఒక్క జీతంతో నెట్టుకొచ్చేవాళ్లకు వర్తించవచ్చు. వ్యక్తికి నేరుగా అందే ఇలాంటి సాయానికి ఇమిగ్రేషన్ హోదా అడ్డు రావచ్చు. 1996 చట్టం చెప్పిన అర్హుల జాబితాలో గ్రీన్ కార్డు ఉంది, హెచ్-1బీ లేదు.

ఈ ప్లాన్ వల్ల మా పక్కన లో-ఇన్‌కమ్ అపార్ట్‌మెంట్లు వస్తాయా?

ఈ ప్రశ్న మన గ్రూపుల్లో భయంగా అడుగుతారు కాబట్టి సూటిగా చెబుతాను. ప్లాన్ ఒక్కటే ఏ అపార్ట్‌మెంటునూ తేలేదు. జోనింగ్ వేరు, బిల్డర్ వేరు, పెట్టుబడి వేరు. హోమ్ సొమ్ము ఒక ప్రాజెక్టుకయ్యే ఖర్చులో చిన్న ముక్క. అయితే డబ్బు తీసుకునే ప్రతి సిటీ, ఇళ్ల విషయంలో వివక్ష లేకుండా చూస్తానని హామీ పత్రం ఇస్తుంది. న్యూయార్క్ పక్కన సంపన్న వెస్ట్‌చెస్టర్ కౌంటీ అలాంటి పత్రాలు ఇస్తూనే పనిలో చూపలేదని కోర్టుకెక్కారు. 2009లో ఆ కౌంటీ 6 కోట్ల 25 లక్షల డాలర్ల రాజీకి దిగి, ఎక్కువగా తెల్లవాళ్లే ఉండే ఊళ్లలో 750 ఇళ్లు కట్టించడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఈ నియమాలు వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి: 2015లో కఠినమయ్యాయి, 2020లో తీసేశారు, 2021లో కొంత తెచ్చారు, 2025లో మళ్లీ తగ్గించారు.

ఇక, ఆ లో-ఇన్‌కమ్ అపార్ట్‌మెంట్లలోకి ఎవరొస్తారు? మీ పిల్లల స్కూల్లో సహాయ టీచర్, మీ అమ్మగారికి ఇంటికొచ్చి మందులిచ్చే నర్సింగ్ సహాయకురాలు. వాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉంటారు.

తుఫాను, వరద వచ్చినప్పుడు వచ్చే డబ్బు కూడా ఇదేనా?

పేరు దగ్గరగా ఉంటుంది, సీడీబీజీ-డీఆర్ అంటారు. కానీ అది ఏటా వచ్చేది కాదు, పెద్ద విపత్తు తర్వాత కాంగ్రెస్ విడిగా మంజూరు చేస్తేనే. ఎక్కువగా రాష్ట్రాల ద్వారా నడుస్తుంది, దాని ప్లాన్ వేరు. కత్రినా తుఫాను తర్వాత మిసిసిపీ రాష్ట్రం ఇళ్లకని వచ్చిన దాదాపు 60 కోట్ల డాలర్లను గల్ఫ్‌పోర్ట్ ఓడరేవు విస్తరణకు మళ్లించింది. హడ్ 2008లో దానికి ఒప్పుకుంది. ఇళ్లు పోయినవాళ్లు ఎంత మొత్తుకున్నా ఆగలేదు.

ఇండియాలో ఇలాంటి పద్ధతి ఉందా?

దగ్గరగా ఉన్నవి ఉన్నాయి. 2005 డిసెంబర్‌లో మొదలైన నగరాల అభివృద్ధి పథకం జెఎన్‌ఎన్‌యూఆర్‌ఎంలో కేంద్రం డబ్బు కావాలంటే నగరం ముందు అభివృద్ధి ప్లాన్ రాయాలనేవారు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ అలా రాసినవే. పంచాయతీలు ఇప్పుడు గ్రామసభ పెట్టి వార్షిక ప్లాన్ రాస్తాయి. రెండు దేశాల్లోనూ ఒక జబ్బు సమానం: ప్లాన్‌ను కన్సల్టెంట్‌తో రాయించడం, సభను సంతకాల కోసం పెట్టడం.

వాషింగ్టన్‌లో కోత పెడితే ప్లాన్ ఏమవుతుంది?

2018 ఆర్థిక సంవత్సరం బడ్జెట్ నుంచి సీడీబీజీ, హోమ్ రెండింటినీ ఎత్తేయాలని అధ్యక్షుడి ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. 2026కీ వచ్చింది. కాంగ్రెస్ మాత్రం సొమ్ము ఇస్తూ వచ్చింది, ఎందుకంటే ఈ గ్రాంటు అందని నియోజకవర్గం ఉండదు. 2025లో సీడీబీజీకి 330 కోట్ల డాలర్లు, హోమ్‌కు 125 కోట్లు. 2001లో సీడీబీజీ 440 కోట్లకు దగ్గరగా ఉండేది, ధరలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. బడ్జెట్ ఆలస్యమైతే సిటీలు అంచనా అంకెతో డ్రాఫ్ట్ వేసి, అసలు అంకె తేలాక ఎవరి వాటా ఎంత పెంచాలో, తగ్గించాలో అందులోనే రాస్తాయి. ఆ వాక్యం చదవండి. మీరు నమ్ముకున్న పనికి ముందుగా కోత పడేలా ఉందేమో అక్కడే తెలుస్తుంది.

ప్లాన్‌లో రాసింది చేయకపోతే ఎవరిని అడగాలి?

ప్రోగ్రాం ఏడాది ముగిసిన 90 రోజుల్లో సిటీ ఒక పనితీరు నివేదిక ఇవ్వాలి, దాన్ని కేపర్ అంటారు. అభిప్రాయాలకు కనీసం 15 రోజుల గడువు ఉంటుంది. యాక్షన్ ప్లాన్‌ను, కేపర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి: ఎన్ని ఇళ్లు బాగుచేస్తామన్నారు, ఎన్ని చేశారు. ఖర్చు పెట్టలేక పేరబెట్టుకునే సిటీలూ ఉంటాయి. ఏడాది ముగిసే 60 రోజుల ముందు, ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ మిగిలి ఉంటే హడ్ నిలదీస్తుంది. అలాంటప్పుడు సిటీ తొందరగా ఖర్చయ్యే పని కోసం వెతుకుతుంది, చేతిలో సిద్ధంగా ప్రతిపాదన ఉన్న సంస్థకు అదే మంచి అదను.

డబ్బును ఒక పని నుంచి మరోదానికి పెద్దగా మళ్లించాలంటే ప్లాన్‌ను సవరించాలి, మళ్లీ 30 రోజులు జనాన్ని అడగాలి. అడగకుండా చేశారనిపిస్తే ముందు సిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, వీలైనంతవరకు 15 పనిదినాల్లో రాతపూర్వక జవాబు ఇవ్వాలి. అది తృప్తిగా లేకపోతే హడ్ ఫీల్డ్ ఆఫీసులో కమ్యూనిటీ ప్లానింగ్ విభాగానికి ఆ జవాబు కాపీ జోడించి పంపండి.